ఏడీహెచ్‌డీకీ మాదకద్రవ్యాలకూ మధ్య ఏముంది?

సంక్షిప్తంగా: చిన్నప్పుడు ఏడీహెచ్‌డీ (ధ్యాస లోపం, అతిచురుకుదనం కలిసిన రుగ్మత) ఉన్నవారిలో, పెద్దయ్యాక మత్తుపదార్థాల సమస్య మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఆ అదనపు ముప్పులో పెద్ద వాటా ధ్యాస లోపానిది కాదు, దాని వెంట వచ్చే ప్రవర్తనా రుగ్మతలది. డాక్టర్ రాసిచ్చిన మందును చెప్పినట్టు వాడితే తర్వాత వ్యసనం పుడుతుందన్న భయానికి పెద్ద అధ్యయనాల్లో ఆధారం దొరకలేదు. వ్యసనం ముదిరాక ఏడీహెచ్‌డీని గుర్తించడం, చికిత్స చేయడం రెండూ కష్టమవుతాయి, అసాధ్యం మాత్రం కావు.

ఏడీహెచ్‌డీ గురించి వార్తల్లో వచ్చే మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు మత్తుకు బానిసలయ్యే ముప్పు రెట్టింపు అని ఒక రోజు వస్తుంది. మందులు వాడితే ఆ ముప్పు తగ్గుతుందని మరో రోజు వస్తుంది. అసలు ఆ మందులే ఒక రకం మత్తుమందులని, చిన్నప్పుడు అలవాటు చేస్తే తర్వాత గంజాయి, కొకైన్ దాకా పోతారని చెప్పేవాళ్లు ఇంకోపక్క ఉంటారు. బిడ్డకు అప్పుడే ఏడీహెచ్‌డీ అని తేలిన తల్లిదండ్రుల చెవిన ఈ మూడూ ఒకేసారి పడితే టెన్షన్ తప్ప మిగిలేది ఉండదు. విచిత్రం ఏమిటంటే, మూడింటి వెనకా ఎంతో కొంత నిజం ఉంది. ఎవరిని ఎవరితో పోల్చి ఆ మాట అన్నారన్న దగ్గరే తేడా అంతా వస్తుంది.

ఒకే గాటన కట్టిన మూడు

హోంవర్క్ చేయని ముగ్గురు పిల్లల్ని ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మొదటివాడు చేద్దామనే కూర్చున్నాడు, మధ్యలో ధ్యాస మళ్లి మరిచిపోయాడు. రెండోవాడు 'చేయను, ఏం చేస్తారు?' అని ఎదురు తిరిగాడు. మూడోవాడు పక్కవాడి నోట్‌బుక్ లాక్కున్నాడు, అడిగినందుకు వాణ్ని కొట్టాడు, టీచర్ ముందు అది తనదేనని అబద్ధమాడాడు. టీచర్‌కు ముగ్గురూ చెప్పిన మాట వినని పిల్లలే. డాక్టర్ దృష్టిలో మాత్రం ఇవి మూడు వేర్వేరు సంగతులు.

మొదటిది ఏడీహెచ్‌డీ. ధ్యాస నిలవదు, కాలూ చేయీ కుదురుగా ఉండవు, ఆలోచన కంటే ముందు మాట జారిపోతుంది. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల వచ్చే స్థితి. ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో సుమారు 5 శాతం మందికి, పెద్దల్లో సుమారు 2.5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలని, ఒక్క బడిలోనో ఒక్క ఇంట్లోనో కాకుండా కనీసం రెండు చోట్ల కనిపించాలని 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం) నియమం.

రెండోది ఓడీడీ, అంటే ఎదురుతిరిగే ధోరణి. చీటికీమాటికీ కోపం, పెద్దల మాటకు అడ్డుపడటం, తప్పును ఇతరుల మీదకు నెట్టడం ఇందులో ఉంటాయి. మూడోది కాండక్ట్ డిజార్డర్. కొట్లాటలు, దొంగతనం, జంతువుల్ని హింసించడం, నిప్పు పెట్టడం, ఇల్లు విడిచి పారిపోవడం వంటి 15 లక్షణాల్లో కనీసం మూడు ఏడాది కాలంలో కనిపిస్తే ఈ పేరు పెడతారు. మొదటిదానిలో సమస్య చేతకాకపోవడం. మూడోదానిలో ఇతరుల హక్కుల్ని లెక్కచేయకపోవడం.

ఈ గందరగోళానికి వైద్యశాస్త్రం కూడా కొంత కారణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ అయిన ఐసీడీ-10లో అతిచురుకుదనాన్నీ కాండక్ట్ డిజార్డర్‌నీ కలిపి ఒకే పేరు కింద పెట్టిన విభాగం ఉండేది. డీఎస్‌ఎం-4లోనూ ఏడీహెచ్‌డీ, ప్రవర్తనా రుగ్మతలు ఒకే గూటిలో ఉండేవి. డీఎస్‌ఎం-5 ఏడీహెచ్‌డీని మెదడు ఎదుగుదలకు చెందిన రుగ్మతల్లోకి మార్చింది, 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 కూడా అదే చేసింది. పుస్తకంలో చోటు మారినంత తేలిగ్గా జనం మనసులో మారలేదు.

పైగా ఇవి నిజంగానే తరచూ కలిసి వస్తాయి. అమెరికాలో 1990లలో మొదలై, ఏడీహెచ్‌డీ చికిత్సల్ని పోల్చి చూసిన ఎంటీఏ అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్న 579 మంది పిల్లల్ని చేర్చుకుంటే, వారిలో సుమారు 40 శాతం మందికి ఓడీడీ, 14 శాతం మందికి కాండక్ట్ డిజార్డర్ ఉన్నట్టు తేలింది. అందుకే ఏడీహెచ్‌డీ పిల్లల మీద ఏ లెక్క తీసినా అందులో ఈ మిగతా రెండింటి ఫలితం కూడా తెలియకుండా కలిసిపోతుంది.

రెట్టింపు అంటే ఎంత?

చిన్నప్పటి ఏడీహెచ్‌డీకీ తర్వాతి మత్తుపదార్థాల వాడకానికీ ఉన్న సంబంధంపై 27 దీర్ఘకాలిక అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2011లో వెలువడింది. కొకైన్ సమస్య వచ్చే అవకాశం దాదాపు రెండు రెట్లు, గంజాయి సమస్య సుమారు ఒకటిన్నర రెట్లు, నికోటిన్ వ్యసనం మూడు రెట్లకు దగ్గరగా ఉన్నట్టు అందులో తేలింది. వార్తల్లో కనిపించే 'రెట్టింపు' ఇలాంటి లెక్కల నుంచే వస్తుంది.

కానీ రెట్టింపు అన్నప్పుడు దేనికి రెట్టింపు అన్నది అడగాలి. ఉదాహరణకు, వందమంది మామూలు పిల్లల్లో నలుగురికి పెద్దయ్యాక ఒక మత్తుపదార్థం సమస్యగా మారుతుందని అనుకుందాం. ఏడీహెచ్‌డీ ఉన్న వందమందిలో ఆ సంఖ్య ఎనిమిది అవుతుంది. మిగిలిన 92 మంది ఆ దారిలో పోరు. సమాజం మొత్తానికి ఈ తేడా చిన్నది కాదు. ఒక్క బిడ్డ భవిష్యత్తు చెప్పడానికి మాత్రం ఆ అంకె సరిపోదు.

అదే విషయాన్ని అటువైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. మత్తు వ్యసనానికి చికిత్స తీసుకుంటున్నవారిని పరీక్షించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2012లో లెక్క తీస్తే, వారిలో సుమారు 23 శాతం మందికి ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తేలింది. అంటే దాదాపు నలుగురిలో ఒకరు. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో ఎక్కువమందికి వ్యసనం లేదు, వ్యసనం ఉన్నవారిలో చాలామందికి ఏడీహెచ్‌డీ ఉంది. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని చెప్పడం దగ్గరే చాలా వ్యాసాలు తప్పుదారి పట్టిస్తాయి.

దారి మళ్లేది ఎక్కడ

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 1977లో పుట్టిన 1,265 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. వారికి 25 ఏళ్లు నిండేవరకు సేకరించిన సమాచారంతో 2007లో వచ్చిన విశ్లేషణ ఈ చర్చలో కీలకమైంది. ప్రవర్తన సమస్యల్నీ ధ్యాస సమస్యల్నీ విడదీసి చూస్తే, తర్వాతి మత్తుపదార్థాల వాడకంతో గట్టి సంబంధం కనిపించింది మొదటివాటికే. ప్రవర్తన సమస్యల్ని లెక్కలోంచి తీసేశాక, ధ్యాస లోపానికీ మత్తుకూ మధ్య చెప్పుకోదగ్గ సంబంధం మిగల్లేదు.

అయితే ఇంతటితో తీర్పు చెప్పేయడం తొందరపాటే. అమెరికాలోని మిన్నెసోటాలో 1,500 మందికి పైగా కవలల్ని 11 ఏళ్ల వయసు నుంచి 18 ఏళ్ల వరకు గమనించిన అధ్యయనం కూడా 2007లోనే వచ్చింది. కాండక్ట్ డిజార్డర్‌ను పక్కన పెట్టినా అతిచురుకుదనం, తొందరపాటు అనే లక్షణాలు మత్తుపదార్థాల వాడకం మొదలవడాన్ని సూచిస్తూనే ఉన్నాయని అది చెప్పింది. ఉత్త ధ్యాస లోపానికి ఆ బలం లేదు. రెండు అధ్యయనాల్నీ పక్కపక్కన పెడితే ఒక క్రమం కనబడుతుంది: పరధ్యానం దాదాపు నిర్దోషి, తొందరపాటుకు కొంత వాటా ఉంది, కాండక్ట్ డిజార్డర్‌కు అందరికంటే ఎక్కువ వాటా ఉంది. పొగాకు మాత్రం ఈ క్రమానికి కొంత మినహాయింపు. ప్రవర్తన సమస్య లేని ఏడీహెచ్‌డీలో కూడా సిగరెట్ వైపు మొగ్గు ఎక్కువేనని పలు అధ్యయనాల్లో కనిపించింది.

తొందరపాటు ఎలా ప్రవర్తనా రుగ్మతగా మారుతుందన్నది అసలు కథ. చెప్పిన మాట బుర్రకెక్కని పిల్లవాణ్ని తల్లిదండ్రులు రెండోసారి గట్టిగా, మూడోసారి అరిచి పిలుస్తారు. వాడూ అరుస్తాడు. అలసిపోయి ఒకరోజు వదిలేస్తారు. గట్టిగా అరిస్తే పని తప్పించుకోవచ్చని వాడికి, ఇంకా గట్టిగా అరిస్తే తప్ప వినడని వాళ్లకు, ఇద్దరికీ ఒకేసారి పాఠం వంటబడుతుంది. మనస్తత్వ శాస్త్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ 'బలవంతపు చక్రం' అని వర్ణించినది దీన్నే. బడిలోనూ ఇదే మరో రూపంలో నడుస్తుంది. వరుసలో ఆగలేనివాణ్ని, ఆటలో మధ్యలో దూరేవాణ్ని తోటిపిల్లలు దూరం పెడతారు. మార్కులు తగ్గుతాయి. టీచర్ల దగ్గర చెడ్డపేరు స్థిరపడుతుంది. పన్నెండు పదమూడేళ్లకు వాణ్ని చేర్చుకునే జట్టు ఒక్కటే మిగులుతుంది, అప్పటికే బడి ఎగ్గొడుతున్నవాళ్ల జట్టు. సిగరెట్, గంజాయి ముందుగా చేతికి అందేది అక్కడే.

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇందులో అందరి పాత్రా ఉంది, ఎవరిదీ పూర్తి తప్పు కాదు. వయసు ఎంత చిన్నదైతే పరిణామం అంత తీవ్రం. పదేళ్ల లోపే మొదలయ్యే ప్రవర్తనా రుగ్మత, యుక్తవయసులో తోటివారిని చూసి మొదలై ఇరవై దాటాక తగ్గిపోయే దుడుకుతనం వేర్వేరని మనస్తత్వ శాస్త్రవేత్త టెర్రీ మోఫిట్ 1993లో ప్రతిపాదించారు. ఏడీహెచ్‌డీతో కలిసి వచ్చేది ఎక్కువగా మొదటి రకం.

మెదడులో, జన్యువుల్లో

ఏదైనా పని చేశాక దక్కే తృప్తికీ, మళ్లీ అదే చేయాలన్న కోరికకూ డోపమైన్ అనే రసాయనం కావాలి. ఏడీహెచ్‌డీలో ఈ వ్యవస్థ పనితీరు కాస్త భిన్నంగా ఉంటుంది. ఎప్పుడో వచ్చే పెద్ద ఫలితం కంటే ఇప్పుడే దొరికే చిన్న ఫలితం ఎక్కువగా లాగుతుంది. నెలల తర్వాత వచ్చే పరీక్ష ఫలితం కోసం ఈ సాయంత్రం కూర్చుని చదవడం కష్టమయ్యేది ఇందుకే. కొకైన్, ఆంఫెటమైన్ లాంటివి చేసేది సరిగ్గా ఆ డోపమైన్‌ను ఒక్కసారిగా పెంచడం. ఆగి ఆలోచించమని చెప్పే మెదడు ముందుభాగం అందరిలోనూ ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది, మత్తు మొదటిసారి పరిచయమయ్యేదేమో అంతకు చాలా ముందు.

కొంతమంది తమ గందరగోళాన్ని తగ్గించుకోవడానికే మత్తును వాడతారన్న వాదన కూడా ఉంది. 1985లో మానసిక వైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియన్ దీనికి 'స్వీయవైద్యం' అన్న రూపం ఇచ్చారు. కొకైన్ తీసుకుంటే మనసు నిలకడగా ఉందని, గంజాయి తాగితే నిద్ర పట్టిందని చెప్పే రోగులు డాక్టర్లకు తారసపడుతూనే ఉంటారు. కొందరి విషయంలో ఈ వాదన సరిపోతుంది. అందరికీ వర్తింపజేస్తే నిలవదు, ఎందుకంటే ధ్యాసను ఇంకా చెడగొట్టే పదార్థాల్ని కూడా వారు వాడతారు.

జన్యువుల పాత్రా తక్కువేం కాదు. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం వాటా సుమారు 74 శాతమని కవలల అధ్యయనాల సగటు. ఏడీహెచ్‌డీ, ప్రవర్తనా రుగ్మత, మత్తు వ్యసనం, ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న జన్యుప్రభావం కొంత ఉందని కూడా అలాంటి అధ్యయనాలే చూపించాయి. ఒకటి రెండోదానికి కారణం కాకుండానే రెండూ ఒకే వేరు నుంచి మొలవవచ్చన్న మాట.

మాత్ర మత్తవుతుందా?

ఏడీహెచ్‌డీకి ఎక్కువగా రాసే మందు మిథైల్‌ఫెనిడేట్. 1944లో తయారైన ఈ పదార్థం 1950ల నుంచి మందుగా వాడకంలో ఉంది. ఇది ఉత్ప్రేరకం, అంటే మెదడును చురుకుపరిచే మందు. ఐక్యరాజ్యసమితి 1971 ఒప్పందంలో ఆంఫెటమైన్‌తో పాటు రెండో షెడ్యూల్‌లో ఉంది. మెదడులో ఇది పనిచేసే చోటు కూడా కొకైన్ పనిచేసే చోటే. ఇక్కడిదాకా విన్నవారు భయపడటంలో తప్పు లేదు.

కానీ మత్తు పుట్టేది పదార్థం వల్ల మాత్రమే కాదు, అది మెదడుకు చేరే వేగం వల్ల కూడా. వ్యసనంపై పరిశోధించే నోరా వోల్కో బృందం మెదడు స్కాన్‌లతో ఈ సంగతి నిరూపించింది. నరంలోకి ఎక్కించిన కొకైన్ నిమిషాల్లోనే మెదడులో గరిష్ఠ స్థాయికి చేరి, అంతే త్వరగా దిగిపోతుంది. మింగిన మిథైల్‌ఫెనిడేట్‌కు ఆ స్థాయి చేరడానికి గంటా గంటన్నర పడుతుంది, దిగడమూ నెమ్మదే. మెల్లగా ఎక్కి మెల్లగా దిగేది 'కిక్' ఇవ్వదు, మళ్లీ వెంటనే కావాలన్న ఆత్రమూ పుట్టించదు. అదే మాత్రను నూరి పీల్చినా, కరిగించి ఎక్కించినా కథ మారిపోతుంది. రోజంతా కొద్దికొద్దిగా విడుదలయ్యే రకాల్ని, శరీరంలోకి వెళ్లాక మాత్రమే చురుకైన మందుగా మారే లిస్‌డెక్స్‌ఆంఫెటమైన్‌ను వైద్యులు ఇష్టపడటానికి ఇదీ ఒక కారణం.

మరి ఏళ్ల తరబడి వాడినవారి సంగతి? ఈ ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చింది. 2003లో ఆరు అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణ, మందు వాడినవారిలో మత్తు సమస్య దాదాపు సగానికి తగ్గిందంది. పదేళ్ల తర్వాత 15 అధ్యయనాలతో వచ్చిన విశ్లేషణ ఆ ఉత్సాహంపై నీళ్లు చల్లింది: చిన్నప్పటి మందు తర్వాతి ముప్పును పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. ఎంటీఏ పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించినా అదే తేలింది. ఆ తర్వాత అమెరికా బీమా రికార్డుల నుంచి దాదాపు 30 లక్షల మంది ఏడీహెచ్‌డీ రోగుల సమాచారంతో 2017లో ఒక అధ్యయనం వచ్చింది. మందు వాడిన నెలల్లో, వాడని నెలలతో పోలిస్తే, మత్తు సమస్యతో ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లే అవకాశం మగవారిలో 35 శాతం, ఆడవారిలో 31 శాతం తక్కువ.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ అడిగిన ప్రశ్నలు వేరు. చిన్నప్పుడు మందు వాడితే పదిహేనేళ్ల తర్వాత రక్షణ ఉంటుందా అన్నది మొదటిది. ఇప్పుడు మందు వాడుతుంటే ఇప్పుడు ముప్పు తగ్గుతుందా అన్నది రెండోది. 2017 అధ్యయనం మనిషిని పక్కమనిషితో కాక తనతోనే పోల్చింది, కాబట్టి కుటుంబం, జన్యువులు లాంటి తేడాలు అందులో అడ్డురావు. మందు మానేశాక దాని మేలు మిగలదన్నది ఈ రెండింటికీ సరిపోయే వివరణ. కళ్లద్దాలు తీసేస్తే చూపు మళ్లీ మసకబారినట్టే ఇదీ.

అసలు జాగ్రత్తపడాల్సిన చోటు వేరే ఉంది. రోగికి రాసిన మాత్రలు స్నేహితుల చేతుల్లోకి పోవడం, పరీక్షల ముందు రాత్రి మేలుకోవడానికి వాటిని వాడటం చాలా దేశాల్లో కనిపించే సమస్యే. మాత్రల లెక్క ఇంట్లో పెద్దవాళ్లు చూసుకోవాలని వైద్యులు అడిగేది అందుకే.

చెట్టు ముందా, విత్తు ముందా?

పాతికేళ్ల మనిషి గంజాయి మానాలని వచ్చి, తనకు ధ్యాస నిలవదని, చిరాకు ఎక్కువని, ఏదీ పూర్తి చేయలేనని చెబితే అది ఏడీహెచ్‌డీయా, గంజాయి ప్రభావమా? మత్తులో ఉన్నప్పుడు, మానేసిన తొలి వారాల్లో ఈ లక్షణాలన్నీ ఎవరికైనా వస్తాయి. పెద్దల్లో ఏడీహెచ్‌డీ లక్షణాల గురించి ఆరు ప్రశ్నలు అడిగే ఏఎస్‌ఆర్‌ఎస్ వంటి పట్టికలు అనుమానాన్ని లేవనెత్తడానికి పనికొస్తాయి, తేల్చడానికి చాలవు. మత్తు మొదలవక ముందు, అంటే పన్నెండేళ్ల లోపు, ఆ మనిషి ఎలా ఉండేవాడన్నదే తేల్చేది. పాత ప్రోగ్రెస్ కార్డు మీద టీచర్ రాసిన ఒక్క వాక్యం, అమ్మ చెప్పే ఒక్క సంఘటన ఇక్కడ ఖరీదైన పరీక్షల కంటే ఎక్కువ పనిచేస్తాయి. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లల విషయంలో అలాంటి వాక్యం కూడా ఉండదు, వారిలో ఏడీహెచ్‌డీ తరచూ ఆలస్యంగా బయటపడుతుంది.

రెండూ ఉన్నప్పుడు

మూడు సమస్యలూ ఒకరిలోనే పోగుపడితే ఏమవుతుందో డెన్మార్క్ లెక్కలు చెబుతాయి. సుమారు 19 లక్షల మంది రికార్డులతో 2015లో వచ్చిన అధ్యయనంలో, ప్రవర్తనా రుగ్మతలు గానీ మత్తు సమస్య గానీ లేని ఏడీహెచ్‌డీ రోగుల్లో అకాలమరణం ముప్పు మిగతావారికంటే ఒకటిన్నర రెట్లు ఉంది. అన్నీ కలిసి ఉన్నవారిలో అది ఎనిమిది రెట్లు దాటింది.

ప్రవర్తన సమస్య మొదట్లోనే ఉన్నప్పుడు మందు కంటే ముందు చేయాల్సింది తల్లిదండ్రులకు శిక్షణ. ఆదేశం ఎలా ఇవ్వాలి, మంచి పనిని వెంటనే ఎలా మెచ్చుకోవాలి, ఏ తగవును పట్టించుకోకూడదు అన్నవి నేర్పే ఈ శిక్షణ, పైన చెప్పిన బలవంతపు చక్రాన్ని మొదట్లోనే ఆపడానికి పుట్టింది. యుక్తవయసు వచ్చాక అది ఒక్కటే చాలదు. కుటుంబం, బడి, స్నేహితులు అన్నిటినీ కలిపి పట్టుకునే చికిత్స కావాలి.

వ్యసనం ముదిరినవారికి ఉత్ప్రేరక మందు ఇవ్వవచ్చా అన్నది వైద్యుల్లోనే ఎంతోకాలం తెగని ప్రశ్న. ముల్లును ముల్లుతో తీసే ప్రయత్నం స్వీడన్‌లో జరిగింది, దాని ఫలితాలు 2014లో వెలువడ్డాయి. జైలు నుంచి విడుదలవుతున్న, ఆంఫెటమైన్ వ్యసనం ఉన్న 54 మంది ఏడీహెచ్‌డీ మగవారికి 24 వారాల పాటు మిథైల్‌ఫెనిడేట్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు మోతాదు రోజుకు 180 మిల్లీగ్రాముల దాకా వెళ్లింది, మామూలుగా ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ. ఏడీహెచ్‌డీ లక్షణాలూ తగ్గాయి, మూత్ర పరీక్షల్లో మత్తు దొరకడమూ తగ్గింది. మరుసటి ఏడాది అమెరికాలో కొకైన్ వాడే 126 మంది మీద ఆంఫెటమైన్ రకం మందుతో చేసిన ప్రయోగం కూడా ఇదే దిశలో ఫలితమిచ్చింది. అంతకుముందు మామూలు మోతాదులతో చేసిన ప్రయోగాల్లో చాలావాటికి ఇంత ఫలితం రాలేదు. దుర్వినియోగం భయం ఎక్కువగా ఉన్నచోట ఉత్ప్రేరకం కాని ఆటమాక్సెటిన్ వాడతారు. అది నెమ్మదిగా, వారాల మీద పనిచేస్తుంది, ఆ వారాలు ఓపిక పట్టడమే ఏడీహెచ్‌డీ ఉన్నవారికి కష్టం.

చికిత్స కేంద్రాల్లో ఎదురయ్యే చిక్కు కూడా ఇలాంటిదే. వేళకు రావడం, గంటసేపు కదలకుండా కౌన్సెలింగ్ వినడం, ఫారాలు నింపడం అన్నవి వ్యసన చికిత్సలో మామూలు నియమాలు. రెండుసార్లు రాకపోతే పేరు కొట్టేసే చోట ముందుగా బయటపడేది మానాలన్న కోరిక లేనివారు కాదు, తేదీ మరిచిపోయినవారు. ముందురోజు ఫోన్ చేసి గుర్తు చేయడం, గంట సమావేశాన్ని రెండు అరగంటలు చేయడం, చెప్పింది కాగితం మీద రాసివ్వడం లాంటి మార్పులకు కొత్త మందేదీ అక్కర్లేదు. నలుగురిలో ఒకరికి ఏడీహెచ్‌డీ ఉండే కేంద్రంలో, చేరేరోజే ఆ ఆరు ప్రశ్నలు అడిగితే ఈ సౌకర్యం ఎవరికి అవసరమో ముందే తెలుస్తుంది.